రోత పుట్టించని నీళ్ళు

ఏటి గట్టు ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

మరదలమ్మకి,

నీ ఉత్తరం అందింది. "అంత అందమైన చోట ఉంటున్నావు, నీ అదృష్టమే అదృష్టం వదినా" అని రాశావు. ఆ ముక్క చదివేటప్పటికి నేను పెరట్లో దుప్పట్లు పిండుతున్నాను. ఇక్కడ తెల్ల దుప్పటి నానబెడితే నారింజ రంగు దుప్పటి బయటికొస్తుంది. పైన రెండు గదులు ఏరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తున్నాం కదా, వాళ్ళు పక్క చూసి ముఖం చిట్లించి "ఉతకలేదా అండీ?" అంటారు. ఉతకబట్టే అలా తగలడిందని ఎలా చెప్పను?

నువ్వు ఫోటోల్లో చూసి మురిసిపోతున్నావు. ఒక్కసారి వచ్చి దగ్గర్నుంచి చూడు. రాళ్ళకి ఎర్రటి జిగురు బురద చీమిడిలా వేలాడుతూ ఉంటుంది. కాలు పెడితే వేళ్ళ సందుల్లోంచి మెత్తగా పైకి ఉబుకుతుంది. నీళ్ళ మీద నూనె తెట్టులాంటి పొర. కొండ పగుళ్ళలోంచి ఊట వచ్చే చోట కుళ్ళిన గుడ్డు వాసన. మీ అన్నయ్య పనిచేసే కోతమిల్లు మూతపడి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు కడుపులో దేవుతుంటే, "అలవాటైపోతుందిలే" అన్నారు అందరూ. కాలేదు. తాగే నీళ్ళు లారీ తెచ్చి పోస్తుంది కాబట్టి బతికున్నాం.

అసలు సంగతి ఇది. మీ అన్నయ్య ఇప్పుడు గైడు కదా, ఎర్ర టోపీ పెట్టుకుని జనాన్ని ఏటి వెంట తిప్పుతారు. మొన్న ఒక పెద్దమనిషి "ఇదంతా ఏదో ఫ్యాక్టరీ మురుగు, మనకి కథలు చెబుతున్నాడు" అన్నాడట. మీ అన్నయ్యకి రోషం పొడుచుకొచ్చింది. "ఇది ప్రకృతి ఇచ్చిన రంగు సార్, చూడండి" అని వంగి, దోసిట్లోకి తీసుకుని గడగడా తాగేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతే, ఇప్పుడు ప్రతి గుంపు ముందూ తాగుతున్నారు. తాగి, మీసాలకి ఆ ఎర్ర జిగురు అంటుకుని ఇంటికొస్తారు. ఆ మూతి చూస్తే నాకు అన్నం సహించడం లేదు.

నా మాట చెవికెక్కదు. నువ్వంటే ఆయనకి ప్రాణం. కాస్త గట్టిగా రాయి, మానెయ్యమని.

మీ వదిన


అచ్చాఫీసు వీధి నుంచి,
శనివారం

వదినకి,

నీ ఉత్తరం మా అచ్చాఫీసు వాళ్ళందరికీ చదివి వినిపించాను, ఏమీ అనుకోకు. "చీమిడిలా" దగ్గర మా ఓనరు తినే బిస్కెట్టు పక్కన పెట్టేశాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కడిగిన గ్లాసునే మళ్ళీ కడుక్కుని తాగిన మనిషివి నువ్వు. నీకు రోత పుట్టనిది ఈ లోకంలో ఏదైనా ఉంటే చెప్పు, దాన్ని పటం కట్టిస్తాను.

అది బురద కాదు వదినా, తుప్పు. కొండ రాళ్ళలో ఇనుము ఉంది. వాన నీరు రాళ్ళలోకి ఇంకి దాన్ని కరిగించి తెస్తుంది, బయట గాలి తగలగానే తుప్పు పడుతుంది. మీ ఏరంతా కరిగిన మేకులే అనుకో. పసుపు చారలు గంధకం, రాళ్ళ మీద నల్ల మరకలు మాంగనీసు, ఎక్కడైనా నీలిపచ్చ కనిపిస్తే అది రాగి. ఇవన్నీ నాకెలా తెలుసంటావా? మేం మీ ఏటి మీద రంగుల పుస్తకం వేస్తున్నాం. రంగులు కలిపే పని నాదే, బొమ్మల కింద మాటలు రాసే పని కూడా నా నెత్తిన వేసుకున్నాను. అన్నయ్య ఊరు కదా, వేరేవాళ్ళ చేతికివ్వాలని అనిపించలేదు. ఫోటోలాయన వచ్చే వారం మీ దగ్గరికి వస్తాడు. పై గది ఇవ్వు, దుప్పటి మీద కొంచెం దయ చూపించు.

అన్నయ్యకి రాశాను. కానీ నువ్వు చెప్పినట్టు కాదు. ఒక్క గుటక ఇనుప నీళ్ళకి ఎవరికీ ఏమీ కాదు, రక్తానికి మంచిదే అంటారు అని రాశాను. మిల్లు పోయాక మనిషి ఎలా నీరసపడిపోయాడో నీకూ తెలుసు. ఇప్పుడు పదిమంది చప్పట్లు కొడుతున్నారంటే కొట్టనీ.

మీ మరదలు


ఏటి గట్టు ఇంటి నుంచి,
వానలు వెలిశాక

మరదలమ్మకి,

నీ సలహాకో దండం. మానెయ్యమని రాయమంటే టానిక్కు చీటీ రాసి పంపావు. ఇప్పుడు మీ అన్నయ్య దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. "మా చెల్లెలు అచ్చాఫీసులో చేస్తుందండీ, ఇది రక్తానికి పుష్టి అని రాసింది" అని గుంపుకి చదివి మరీ తాగుతున్నారు. పళ్ళు గోధుమ రంగుకి తిరిగాయి. పక్కన కూర్చుని మాట్లాడితే తుప్పు పట్టిన తాళం వాసన. నిన్న నవ్వుతూ నా చెంప పట్టుకోబోతే వెనక్కి జరిగాను. చిన్నబుచ్చుకున్నారు. నేనేం చెయ్యను, ఒళ్ళు జలదరించింది మరి.

మీ ఫోటోలాయన వచ్చి వారం ఉన్నాడు. బురద బూట్లతోనే మంచమెక్కాడు. ఆ సంగతి వదిలెయ్.

కానీ ఒక మంచి పని చేశాను. నాకు రోత పుట్టనిది ఉంటే చెప్పమన్నావు కదా, దొరికింది, పటం కట్టించుకో. ఏటి వెంట రెండో మలుపు దాటి పైకెక్కితే బండల మధ్య చిన్న గుంట ఉంది. ఫోటోలాయనకి దారి చూపించడానికి వెళ్ళి చూశాను. నీలిపచ్చ నీళ్ళు, అద్దం లాగా ఉన్నాయి. అడుగున ప్రతి గులకరాయీ కనిపిస్తోంది. ఒక్క పురుగు లేదు, ఒక్క నాచు పోగు లేదు, ఒక్క కప్ప లేదు. జిగురు లేదు, వాసన లేదు. ఇంత శుభ్రమైన నీళ్ళు ఈ ఊరొచ్చాక నేను చూడలేదు. చెయ్యి పెట్టడానికి కూడా మొహమాటమేసింది.

మర్నాడు మీ అన్నయ్యని నేనే తీసుకెళ్ళాను. "మీకు అంతగా తాగాలని ఉంటే ఇక్కడ తాగండి, చూసేవాళ్ళకైనా వాంతి రాకుండా ఉంటుంది" అన్నాను. ఆయన దోసెడు తాగి, "కొంచెం వగరుగా ఉంది, కానీ చల్లగా ఉన్నాయే" అన్నారు. ఫోటోలాయన అక్కడే టకటకా ఫోటోలు తీశాడు. ఇక ఎర్ర నీళ్ళు ముట్టనని, గుంపులకి ఈ గుంట దగ్గరే తాగి చూపిస్తానని మాటిచ్చారు.

ఇంట్లో తుప్పు వాసన పోయింది. నిన్న రాత్రి ఇద్దరం పక్కపక్కన కూర్చుని భోంచేశాం.

మీ వదిన


అచ్చాఫీసు వీధి నుంచి,
బుధవారం

వదినకి,

ఫోటోలు వచ్చాయి. బల్ల మీద పరిస్తే అందరం ఒక్క దాని మీదే వాలాం. అన్నయ్య ఒంగుని ఉన్నాడు, దోసిట్లో నీలిపచ్చ నీళ్ళు, వేళ్ళ సందుల్లోంచి జారే చుక్కలు, పెదవులు తాకీ తాకనట్టు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత బావున్నాడో. మిల్లులో పొట్టు దులుపుకుంటూ ఇంటికొచ్చే మనిషేనా ఇతను అనిపించింది. అట్ట మీదకి ఇదే అని ఓనరు తేల్చేశాడు. కింద నేను రాసిన మాట: "ప్రకృతి దోసిట్లోంచి నేరుగా." ఎలా ఉంది?

ఆ రంగు రాగి వల్ల వస్తుందని ముందే చెప్పాను కదా. రాగి ఒంటికి మంచిదంటారుగా, లోపలి పేజీలో ఆ ముక్క కూడా వేశాను. ఇదంతా నీ చలవే. ఆ గుంట చూపించింది నువ్వు, అన్నయ్యని అక్కడికి నడిపించిందీ నువ్వు. నీ రోత వల్ల మాకో మంచి అట్ట దొరికింది.

బాధల్లా ఒక్కటే. ఆ రంగు నా చేతికి చిక్కడం లేదు. నీలం ఎక్కువైతే సిరాలా ఉంటోంది, పచ్చ ఎక్కువైతే ఆకులా ఉంటోంది. కలిపిందల్లా పారబోస్తున్నాను. ఓనరు నా వంక చూసే చూపు బాలేదు. నమూనా అట్ట ఒకటి పంపుతున్నాను, రంగు సరిగ్గా లేదు, కానీ అన్నయ్య చూసుకుంటాడని.

మీ మరదలు


ఏటి గట్టు ఇంటి నుంచి,
శుక్రవారం

మరదలమ్మకి,

అట్ట అందింది. మీ అన్నయ్య దాన్ని గోడకి అంటించి, వచ్చిన ప్రతివాళ్ళనీ దాని ముందు నిలబెడుతున్నారు.

ఆయనకి నాలుగు రోజులుగా కాస్త నలతగా ఉంది. కంగారు పడేది ఏమీ లేదు. తిన్నది ఇమడడం లేదు, కడుపులో మెలిపెట్టినట్టుంది అంటున్నారు. నోట్లో ఎప్పుడూ నాణెం పెట్టుకున్నట్టు ఉందట. బయట ఏదో పడని తిండి తినుంటారు. పడుకోమంటే పడుకోరు, సెలవుల రద్దీ కదా. గుంట దగ్గర ఇప్పుడు చూసేవాళ్ళు కూడా వేలు ముంచి రుచి చూస్తున్నారట.

రంగు కుదిరిందా? నిన్నెవరో అడిగారు, ఆ గుంటలోకి చేపలు ఎందుకు రావని. చేపలకేం తెలుసు శుభ్రం అని నవ్వేశాను.

మీ వదిన


అచ్చాఫీసు వీధి నుంచి,
సోమవారం

వదినకి,

కుదిరింది. ఎలా కుదిరిందో చెబితే నవ్వుతావు.

మేం చేతులు కడుక్కునే చోట ఒక పాత రాగి గొట్టం ఉంది. అతుకు దగ్గర నీరు చెమ్మగిల్లి చెమ్మగిల్లి చిలుము పేరుకుపోయింది. మొన్న విసుగొచ్చి సిరా కడుక్కుంటూ తలెత్తి చూద్దును కదా, మీ గుంట. సాక్షాత్తూ అదే రంగు. గోటితో ఇంత గీకి కాగితం మీద పెట్టుకుని, దాని పక్కనే సిరా కలిపాను. నీలం ఒక చుక్క, పచ్చ ఒక చుక్క, తెలుపు ఒక చుక్క తగ్గిస్తూ పెంచుతూ పోయాను. చివరికి చిలుము ఏదో సిరా ఏదో తెలియనంతగా కలిసిపోయింది. ఓనరు ఆశ్చర్యపోయి ఆ పొడిని వేలితో తాకబోయాడు. "ముట్టుకోకండి సార్, చిలుము, విషం" అన్నాను. అందరూ నవ్వారు.

పుస్తకాలు అచ్చయిపోయాయి. కట్టలు కట్టి బస్‌స్టాండు దుకాణాలకి, రైల్వే దుకాణాలకి పంపించేశాం. నాకు జీతం పెంచుతానన్నాడు. అన్నయ్య కడుపు నొప్పి తగ్గిందా? వేడి చేసి ఉంటుంది, మజ్జిగ ఇవ్వు.

మీ మరదలు


ఆస్పత్రి వరండా నుంచి,
ఏ వారమో తెలియదు

నీకు,

నీ ఉత్తరం ఆయన మంచం పక్కన కూర్చుని చదివాను. రెండోసారి చదివాక లేచి వరండాలోకొచ్చి కాగితం తీశాను.

నువ్వు రాసింది నువ్వే ఒకసారి చదువుకో. "ముట్టుకోకండి సార్, చిలుము, విషం." వేలితో ముట్టుకోవద్దని ఓనరుకి చెప్పావు. మీ అన్నయ్య దాన్ని దోసిళ్ళతో తాగుతున్నారు. రెండూ ఒకటే రంగని నువ్వే కలిపి చూసుకుని, సరిపోయిందని సంబరపడి, జీతం పెంచుతారని నాకు రాశావు. చేతికి తెలిసింది బుర్రకి ఎందుకెక్కలేదే?

గురువారం పొద్దున ఆయన బేసిన్ పట్టమన్నారు. పట్టాను. వాంతి అంటే నాకెంత రోతో నీకు తెలుసు, ముఖం తిప్పుకుని పట్టుకున్నాను. తర్వాత కడగడానికి చూస్తే బేసిన్‌లో నీలిపచ్చగా ఉంది. గోడ మీద నువ్వు పంపిన అట్ట ఉంది. నీ అట్ట రంగు సరిగ్గా కుదరలేదన్నావు, ఈ బేసిన్‌లో కుదిరింది.  అలాగే నిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయాను.

డాక్టరమ్మ ఏం తాగారని అడిగింది. గుంట నీళ్ళు అన్నాను. ఎందుకు తాగారంది. నేనే తాగమన్నాను అని చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం ఆపింది. తర్వాత అంది, "ఆ ఎర్ర ఏటి నీళ్ళు రోతగా ఉంటాయి కాబట్టి ఎవరూ తాగరమ్మా. కడుపు కాస్త చెడుతుందేమో గానీ ఇంత పని చెయ్యవు. ఆ గుంటలో పురుగు కూడా లేదంటే అర్థమేంటి? బతకలేదని. దాన్ని మీరు శుభ్రం అనుకున్నారు." కాలేయం దెబ్బతిందట. ఈ వారం గడిస్తే గానీ ఏ మాటా చెప్పలేనంది. ఆయన కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి, నన్ను చూసి నవ్వడానికి చూస్తున్నారు.

నీ మీద ఎంత ఒళ్ళు మండుతోందో నా మీద అంతకంటే ఎక్కువ మండుతోంది. ఆ జిగురు చూసి ముక్కు మూసుకుని, చూడ్డానికి బావుందని ఆయన్ని చెయ్యి పట్టుకుని విషం దగ్గరికి తీసుకెళ్ళిన దాన్ని.

పుస్తకాలు ఆపించు. ఇంకేమీ రాయకు.


అచ్చాఫీసు వీధి నుంచి,
శనివారం

వదినా,

ఇంకేమీ రాయకు అన్నావు. కానీ పుస్తకాల సంగతి చెప్పాలి.

ఓనరుకి నీ ఉత్తరం చూపించాను. "రాగి ఒంటికి మంచిదని రాసింది నువ్వే కదమ్మా, అచ్చయిన తర్వాత నేనేం చెయ్యను" అన్నాడు. బయటికి వెళ్ళిపోయిన కట్టలు వెనక్కి రావు. గోదాములో మిగిలినవాటికి నేనే అట్టలు చించేశాను. చించుతుంటే వచ్చి చూశాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. వెళ్ళేముందు ఆ గొట్టం దగ్గర చేతులు కడుక్కోవాల్సి వచ్చింది. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ రంగు ఉంది వదినా, సబ్బుతో పోవడం లేదు. ఈ చేత్తో ముద్ద నోటికి తీసుకెళ్ళాలంటే దేవుతోంది. నీకు ఇన్నాళ్ళూ ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నవ్వాను.

గుంట దగ్గర బోర్డు పెట్టించు, ఎవరూ తాగొద్దని. అన్నయ్య ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే. నేను వస్తాను, రమ్మంటే.

నీ మరదలు


ఏటి గట్టు ఇంటి నుంచి,
ఆదివారం

మరదలమ్మకి,

ఇంటికి తీసుకొచ్చాం. ప్రాణానికి భయం లేదంది డాక్టరమ్మ. కానీ గైడు పని మాట ఇక ఎత్తొద్దట, కొండెక్కే శక్తి మళ్ళీ వస్తుందని ఆవిడ చెప్పలేకపోయింది. గట్టు మీద కుర్చీ వేస్తే కూర్చుంటున్నారు. చిక్కి సగమయ్యారు. గోడ మీది అట్ట నేను తీసేశాను, ఆయన అడగలేదు.

బోర్డు పెట్టించాను. దానివల్ల ఏం జరిగిందో తెలుసా? జనం బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నీ పుస్తకం చేతిలో పట్టుకుని అట్ట మీద మీ అన్నయ్య లాగే వంగి దోసిట్లో నీళ్ళు పట్టి నోటికి ఆనిస్తున్నారు. నేను పరిగెత్తుకెళ్ళి "తాగకండమ్మా, మా ఆయన ఈ నీళ్ళు తాగే మంచాన పడ్డారు" అంటే, ఒకావిడ అట్ట చూపించి "ఈయన బావున్నాడుగా, మీరెవరు చెప్పడానికి?" అంది. ఇంకొకాయన, డబ్బులు అడుగుతానేమో అని జేబు పట్టుకున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచి అరిచి నా గొంతు పోయింది. ఆ నీళ్ళు మాత్రం అద్దంలా, అందంగా, ఎవరొచ్చినా రమ్మన్నట్టు మెరుస్తూనే ఉన్నాయి. అంత అందం చూస్తే నాకు పుట్టిన అసహ్యం ఆ ఎర్ర జిగురు చూసినా ఎప్పుడూ పుట్టలేదు.

ఇంటికొస్తూ కింద ఏటిలో కాలు పెట్టాను. ఎప్పటిలాగే వేళ్ళ సందుల్లోంచి ఆ బురద ఉబికింది. అప్పుడు తట్టింది. ఈ బురద నీళ్ళని మీ అన్నయ్య తప్ప ఇంకెవరూ నోట పెట్టుకోలేదు. ఎవరూ చెప్పకుండానే, ఏ బోర్డూ లేకుండానే.

బకెట్టు తెచ్చాను. వట్టి చేతులతో రాళ్ళ మీది జిగురంతా తోడాను. మోచేతుల దాకా అయింది, ముఖం మీద పడింది, ఒకసారి పక్కకెళ్ళి వాంతి చేసుకొచ్చి మళ్ళీ తోడాను. ఒక్కో బకెట్టూ మోసుకుంటూ కొండెక్కి ఆ గుంటలో పోశాను. కాసేపు నీలిపచ్చలో ఎర్రమేఘాలు తిరిగాయి. తర్వాత అంతా కలిసి, చెప్పడానికి పేరు లేని రంగు తేలింది. పైన తెట్టు కట్టింది. కుళ్ళిన గుడ్డు వాసన కావాలని ఊట దగ్గర మట్టి కూడా తెచ్చి వేశాను.

కిందికొచ్చాక మీ అన్నయ్య నన్ను చూశారు. నా చేతులూ చీరా ముఖమూ అన్నీ నారింజే. "గుంట పాడు చేశావా?" అన్నారు. "చేశాను" అన్నాను. కుర్చీలోంచి ముందుకి వంగారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు, ఆ జిగురుతోనే. నేను వెనక్కి జరగలేదు.

ఇవాళ పొద్దున నీ పుస్తకం పట్టుకున్న గుంపు ఒకటి పైకెళ్ళింది. వెనకాలే వెళ్ళాను. ముందు నడుస్తున్న అమ్మాయి గుంట చూసి ముక్కు మూసుకుని, "ఛీ, ఏమిటీ రోత" అని ఉమ్మేసి వెనక్కి తిరిగింది. మిగతావాళ్ళు దగ్గరికి కూడా రాలేదు. పుస్తకం మూసుకుని వెళ్ళిపోయారు. ఆ ఛీ ఎంత హాయిగా వినిపించిందో నీకు చెప్పలేను. ఈ ఊరొచ్చాక అంత తియ్యటి మాట నేను వినలేదు.

కానీ అది నిలిచేది కాదు. సాయంత్రం వెళ్ళి చూస్తే బురద అడుక్కి దిగిపోయి, పైన మళ్ళీ తేటగా నీలిపచ్చ కనిపించడం మొదలైంది. రోజూ పొయ్యాల్సిందే. నా ఒక్కదాని వల్ల అయ్యేట్టు లేదు. ఉద్యోగం ఎలాగూ లేదన్నావు కదా, బయల్దేరి రా. పాత బట్టలు తెచ్చుకో.

మీ వదిన